రొయ్య పిల్లకి ఆషాఢం లేదు

కరోనా తగ్గి విమానాలు మళ్ళీ నిండడం మొదలైన ఏడాది, వేసవిలో నన్ను ఢిల్లీ నుంచి అమలాపురం పంపించారు. అప్పుడు నేను విమాన సంస్థల సంఘంలో ప్రభుత్వ వ్యవహారాల ఉప సంచాలకుణ్ణి. హోదా పేరు గంభీరమే గాని, పని మాత్రం శాసనకర్తలను కలిసి మా వాళ్ళకి కావలసినది అడగడం. మాది ఆలమూరు. ఇంటిల్లిపాదీ వేదం చదువుకున్నవాళ్ళు. నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మా నాన్నగారు, "మేం దేవుణ్ణి అడుగుతామండి, మావాడు మంత్రుల్ని అడుగుతాడు. వాడికే తొందరగా పనవుతోంది" అనేవారు.

విమానంలో పోసే ఇంధనం మీద రాష్ట్రాలు పన్ను వేస్తాయి. చిన్న విమానాశ్రయాలకి ఆ పన్నులో ఇచ్చిన రాయితీకి గడువు తీరిపోతోంది. పొడిగించకపోతే రాజమండ్రి నుంచి నడిపే తన సర్వీసును ఎత్తేస్తానని మా సభ్య సంస్థల్లో ఒకటి చెప్పేసింది. ఈ సంగతి తేల్చడానికి వేసిన శాసనసభ్యుల బృందం స్థానికుల మాట వినడానికి అమలాపురం వస్తోంది.

విమాన కంపెనీ తానే వెళ్ళి పన్ను తగ్గించమంటే ఎవరికీ జాలి కలగదు. అందుకని మా వృత్తిలో కూటమి కడతాం. పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకు తన గొప్ప తానే చెప్పుకోడు, వెంట వచ్చిన పెద్దమనుషులు చెబుతారు. మాదీ అదే పద్ధతి. ఈసారి పెద్దమనుషులుగా కొబ్బరి వ్యాపారులనూ, గోదావరి ఒడ్డున పర్యాటకులకి బస నడిపేవాళ్ళనూ, రొయ్యల హేచరీల వాళ్ళనూ కూడగట్టాను.

హేచరీల తరఫున వచ్చినావిడ ఐ.పోలవరం ఊరి సత్యవతిగారు. రొయ్య పిల్లల్ని పుట్టించి, పెంచి, చెరువులకి అమ్మడం ఆవిడ వ్యాపారం. ఆక్సిజన్ నింపిన సంచుల్లో, థర్మోకోల్ పెట్టెల్లో ఆ పిల్లలు విమానంలో ప్రయాణికుల కాళ్ళ కింద, సామాను గదిలో బెంగాల్ దాకా వెళ్తాయి. దారిలో ఆలస్యమైతే బతకవు. ఆవిడకి రెండు ఫోన్లు, వజ్రాల ముక్కుపుడక, ఎవరినైనా కూర్చోబెట్టి మాట్లాడించే గొంతు. ఊళ్ళో అందరిలాగే నేనూ పిన్నిగారూ అనే పిలిచేవాణ్ణి.

ముందురోజు హోటల్ హాల్లో అందరికీ సాధన చేయించాను. మా నియమం ఒక్కటే: కూటమి అంతా ఒకే కోరిక కోరాలి. ఎవరి గోడు వాళ్ళు వెళ్ళబోసుకుంటే వినేవాళ్ళు ఎవరికీ ఏమీ ఇవ్వరు. సత్యవతిగారి చేతికి కూడా నేను రాసిన కాగితం ఇచ్చాను.

"ఆయ్, బాగా రాసేరండి. మరి ఆషాఢం సంగతో?" అన్నారావిడ.

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, విమానంలో జనం ఉండరు. అందుకని మా వాళ్ళు ఆ నెల్లాళ్ళూ సర్వీసు ఆపేస్తారు. చెరువుల్లో రెండో పంటకి పిల్లల్ని వదిలేది సరిగ్గా అప్పుడే. ముందు రాయితీ రానివ్వండి, ఆ సంగతి తర్వాత చూద్దాం అన్నాను.

"తర్వాతంటే మీరు ఢిల్లీలో ఉంటారు కదండీ" అని కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టేసుకున్నారు.

మర్నాడు బృందం ముందు కొబ్బరి వ్యాపారులు నేర్పిన పాఠం అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పారు. నా ప్రాణం కుదుటపడింది. సత్యవతిగారి వంతు వచ్చింది. ఆవిడ హ్యాండ్‌బ్యాగు తెరవనే లేదు.

"రాయితీ ఇవ్వండి బాబూ, లేకపోతే విమానమే ఉండదంట. కానీ ఊరికే ఇవ్వకండి. పెళ్ళిళ్ళ రోజుల్లో తిప్పుకుని ఆషాఢం రాగానే ఆపేత్తన్నారండి. నిరుడు అలాగే ఆపేసేరు. మా పిల్లల్ని లారీ మీద పంపితే దారిలోనే పోయేయి. కొనేవాళ్ళు మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. రొయ్య పిల్లకి ఆషాఢం లేదండి. పన్నెండు నెలలూ నడిపేవాళ్ళకే ఇవ్వండి."

హాలంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. బృందం అధ్యక్షుడు నా వైపు తిరిగి, ఆవిడ చెప్పింది నిజమేనా అని అడిగారు. ఇలాంటి ప్రశ్నకి మా దగ్గర తయారుగా ఒక జవాబుంటుంది: సర్వీసులు వాణిజ్య సాధ్యాసాధ్యాల మీద ఆధారపడతాయి. అది నోటిదాకా వచ్చింది. సత్యవతిగారు నన్నే చూస్తున్నారు. ఆవిడ మీద ఒళ్ళుమండిపోతోంది, ఆవిడ మాటలో తప్పూ కనిపించడం లేదు. నిజమేనండి అన్నాను.

సాయంత్రం మా డైరెక్టరుగారు ఢిల్లీ నుంచి ఫోను చేసి, ఆవిణ్ణి అక్కడికి పిలిచిందెవరని అడిగారు. మనమేనండి, ఆహ్వానం మీద సంతకం నాదేనన్నాను. ఆ తర్వాత ఆయన అన్న మాటలు అచ్చుకి పనికిరావు.

బృందం రాయితీ పొడిగించమని సిఫారసు చేసింది, పన్నెండు నెలలూ నడిపేవాళ్ళకే అన్న షరతుతో. ప్రభుత్వం అలాగే ఉత్తర్వు ఇచ్చింది. ఎత్తేస్తానన్న సంస్థ నెలరోజులు అలిగి, లెక్క చూసుకుని, ఉండిపోయింది. ఆ ఆషాఢంలో విమానం పైన సీట్లు చాలావరకు ఖాళీ, కింద సామాను గది నిండా పెట్టెలు. నాకు రావలసిన పదోన్నతి రాలేదు, ఉప సంచాలకుడిగానే రిటైరయ్యాను.

నా తర్వాత ఆ కుర్చీలోకి వచ్చినవాళ్ళు సలహా అడిగితే ఒకటే చెబుతాను. పక్కవాళ్ళ గొంతు అరువు తెచ్చుకుంటే, దాని వెంట వాళ్ళ నాలుక కూడా వస్తుంది. అది వద్దనుకుంటే ఒంటరిగా వెళ్ళి, కుదరదనిపించుకుని రావాలి.