తువ్వాళ్ల మేకులు

మొన్న ఆదివారం పొద్దున్న మా వీధి చివరి ఇంట్లో మేస్త్రిగారు పోయారు. కాఫీ తాగి అరుగు మీద నడుం వాల్చారట, మళ్లీ లేవలేదు. యాతన పడకుండా వెళ్లారని తెలిసి ఏడుపుతో పాటు కాస్త నిమ్మళమూ కలిగింది. మా ఆయనకు కుడిచెయ్యి మిగిలిందంటే అది మేస్త్రిగారి పుణ్యమే.

మండపేటలో మా ఆయన పనిచేసే రైసుమిల్లుకు ఆయనే మేస్త్రి. మోటార్లు, బెల్టులు అన్నీ ఆయన చేతికిందే. గేటు లోపలి గోడకు వరసగా మేకులు కొట్టించారు. లోపలికి వచ్చే ప్రతివాళ్లూ మెడలో తువ్వాలు తీసి అక్కడ తగిలించాల్సిందే.

"తువ్వాళ్ల దొంగొచ్చాడ్రోయ్!" అని బస్తాలు మోసే జట్టువాళ్లు ఆటపట్టించేవారు.

"మీ తలకాయలకి కాపలా కాస్తున్నాన్రా, తువ్వాళ్లకి కాదు," అనేవారు ఆయన.

ఒక ఏడు దాళ్వా సీజన్‌లో, రెండో పంట ధాన్యం మిల్లుకొచ్చే రోజుల్లో, బెల్టు అతుకు మాటిమాటికీ ఊడిపోయేది. అతుకు వేయాలంటే ముందు బెల్టుకు అడ్డంగా ఉండే ఇనుప జాలీ విప్పాలి, తరవాత మళ్లీ బోల్టులన్నీ బిగించాలి. లారీలు ఆగిపోయాయని ఓనరుగారు తొందరపెడితే, ఒకరోజు జాలీ బిగించకుండానే మిల్లు తిప్పారు. మా ఆయన బస్తాతో వెనక తలుపు నుంచి లోపలికి వెళ్లారు. మెడలో తువ్వాలు అలాగే ఉంది. దాని కొస బెల్టుకు చిక్కింది, లాక్కోబోయిన చెయ్యి కూడా చిక్కింది. మేస్త్రిగారు పరుగున వెళ్లి మెయిన్ స్విచ్చి లాగేశారు. రెండు వేళ్లు పోయాయి, చెయ్యి దక్కింది.

నాలుగో రోజు మిల్లు గుమాస్తా ఒక కాగితం తెచ్చాడు. తువ్వాలు తియ్యకపోవడం తన పొరపాటేనని మా ఆయన సంతకం పెట్టాలట. పెడితే ఆసుపత్రి ఖర్చు కూడా మాదే. పెట్టకపోతే పని ఉంటుందో ఊడుతుందో తెలియదు. నేను ఆ కాగితం రెండుసార్లు చదివాను. అందులో అబద్ధం ఎక్కడుందో చెప్పలేకపోయాను. తువ్వాలు తియ్యని మాట నిజమే కదా.

సాయంత్రం మేస్త్రిగారే వచ్చారు. "సంతకం పెట్టించకమ్మా. ఇందులో జాలీ మాట లేదు," అన్నారు. ఎంత వెతికినా నాకు కనపడనిది అదే.

సంతకం పెట్టకపోయేసరికి సంగతి లేబర్ ఆఫీసరు దాకా వెళ్లింది. అక్కడ ఓనరుగారు మేస్త్రిగారినే సాక్షిగా పిలిచారు. "రోజూ తువ్వాలు తువ్వాలు అని అరిచేది నువ్వే కదా మేస్త్రీ, ఆ మాటే చెప్పు."

"అరిచేది నేనేనండి. కానీ జాలీ ఉంటే తువ్వాలు బెల్టు దాకా వెళ్లదు కదండీ. విప్పింది నేను. బిగించకుండా తిప్పమంది తమరు. తిప్పాను, అది నా తప్పు. ఇతని తప్పు మూడోదండి."

మేస్త్రిగారి ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. పోలేదు. కొన్నాళ్లు ఓనరుగారు ఆయనతో మాట్లాడలేదు, అంతే. వైద్యం ఖర్చు, నష్టపరిహారం ఇచ్చారు. మా ఆయన్ని కాటా దగ్గర పనికి తీసుకున్నారు. ఆ రాత్రి చాలా రోజుల తరవాత కంటినిండా నిద్రపోయాను.

ఒకసారి పులిహోర పట్టుకెళ్లి మేస్త్రిగారికి కృతజ్ఞత చెప్పబోతే, "ముందే బిగించుంటే నీకీ శ్రమ తప్పేదమ్మా," అన్నారు. ఆ తరవాత జాలీ లేకుండా ఆయన మెయిన్ వెయ్యలేదు.

దహనం అయిన మర్నాడు మా ఆయనకు క్యారేజీ ఇవ్వడానికి మిల్లుకు వెళ్లాను. గేటు దగ్గర అడిగేవాళ్లు ఎవరూ లేరు. జట్టువాళ్లు ఒక్కొక్కరే వస్తున్నారు, చెప్పకుండానే మెడలోంచి తువ్వాలు తీసి మేకుకు తగిలించి లోపలికి పోతున్నారు. చివరి మేకు మేస్త్రిగారిది. దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.