పాడె మీద నుంచి పరీక్ష హాలుకు

ఈ ఏడాదే, 2004. మిరపకాయలు ఎండబోసే రోజులు. పెదకాకాని దగ్గర ఒక కళ్లంలో మా డైలీ సీరియల్ షూటింగ్. ఆ రోజు నా పాత్ర చచ్చిపోవాలి. పొద్దున్నే మొహానికి పసుపు పూసి, ఇంత బొట్టు పెట్టి, కాలి బొటనవేళ్లు కట్టి పాడె మీద పడుకోబెట్టారు. చుట్టూ ఏడ్చేవాళ్లకు గ్లిజరిన్ అక్కర్లేకపోయింది. కన్నీళ్ల కోసం మేం కళ్లకు రాసుకునే మందది. మిరప ఘాటే చాలింది. కష్టమల్లా నాకే, శవం తుమ్మకూడదు.

అప్పటికి ఈ పనిలో ఏడేళ్లు. మాది పర్చూరు దగ్గర పల్లెటూరు. అమ్మ పత్తి తీతలకు వెళ్లి ఇంటర్ దాకా చదివించింది. తర్వాత గుంపులో నిలబడే వేషాలు, ఆ తర్వాత కోడలి వేషాలు. కాల్షీటు అంటే ఆ రోజు మనం పని చెయ్యాల్సిన గంటలు. అది కాగితం మీదే. ఏడవమన్నప్పుడు ఏడవడం, ఆకలేసినా బొట్టు చెదరకుండా కూర్చోవడం, ఇంటికెళ్లి మాట్లాడే ఓపిక లేక పడుకోవడం. నా జీవితం అదే.

మధ్యలో ఓపెన్ యూనివర్సిటీలో బి.ఏ. కట్టాను. ఆఖరి పేపరు రెండుసార్లు షూటింగ్ వల్లే పోయింది. ఈసారీ రాయకపోతే గడువు దాటిపోయి మళ్లీ మొదటి నుంచి చదవాలి. పరీక్ష ఆ రోజే, మధ్యాహ్నం రెండింటికి, గుంటూరులో. పన్నెండుకల్లా పంపిస్తానని మా షూటింగ్ మేనేజర్ గారు మాటిచ్చారు.

పదకొండున్నరకు శవం షాట్లు అయిపోయాయి. మా దగ్గర ఒక పద్ధతుంది. శవంగా పడుకున్న మనిషి లేచే ముందు కెమెరాలోకి చూసి నవ్వాలి. అది టీవీలో రాదు, అరిష్టం పోవడానికి తీస్తారు. సరిగ్గా ఆ నవ్వు మిగిలుండగా మిరప దుమ్ము పోయి కెమెరాలో టేపు ఇరుక్కుంది. విజయవాడ నుంచి ఇంకో కెమెరా తెప్పిస్తున్నామన్నారు. అందరూ భోజనాలకు వెళ్లారు. నేను మాత్రం పాడె మీదే ఉన్నాను, ఎండ తగలకుండా మొహం మీద తువ్వాలుతో. ఒంటిగంటైంది. లేచి కూర్చోబోయాను.

మేకప్ బాబాయ్ పరిగెత్తుకొచ్చాడు. "అమ్మాయ్, లేవమాక. నవ్వు పడకుండా లేస్తే మంచిది కాదు."

"నా చదువు ఇక్కడే పోద్ది బాబాయ్."

మేనేజర్ గారు చెయ్యి కడుక్కుని నింపాదిగా వచ్చారు. "వచ్చే వారం నుంచి ఈ చచ్చిపోయిన కోడలి చెల్లెలి పాత్ర నీదే అనుకున్నాం కదమ్మా, అచ్చం అక్కలాగే ఉండేది. ఇట్టా లేచి వెళ్లిపోయావని తెలిస్తే ప్రొడ్యూసర్ గారు నిన్ను గడప తొక్కనివ్వరు. నీ ఇష్టం."

ఆ పాత్ర అంటే ఏడాది పని. అయినా కాళ్ల తాడు విప్పుకున్నాను. బాబాయ్ మొహం తిప్పుకున్నాడు. రోడ్డెక్కి ఆటో పట్టుకున్నాను. పైటకొంగుతో ఎంత తుడిచినా పసుపు పోలేదు.

హాల్లో మేడమ్ నా హాల్ టికెట్ ఫోటోనీ నా మొహాన్నీ మార్చి మార్చి చూశారు.

"ఏంటమ్మా ఈ అవతారం?"

"చచ్చిపోయానండి, సీరియల్లో."

ఆవిడ వంగి చూశారు. "నువ్వు రెండో కోడలివి కదూ? ఎవరు చంపారే నిన్ను?"

అన్నీ తర్వాత చెబుతానని బతిమాలి ప్రశ్నపత్రం తీసుకున్నాను. మూడు గంటలు తల ఎత్తలేదు.

చెల్లెలి పాత్ర ఇంకో అమ్మాయికి వెళ్లింది. నెలల తరబడి ఎవరూ పిలవలేదు. ఇప్పటికీ పని అంతంతమాత్రమే. కానీ పోయిన వారం మార్కుల మెమో వచ్చింది. పాసయ్యాను, సెకండ్ క్లాసు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. కనబడిన వాళ్లందరికీ చెప్పేశాను, మీకూ చెప్పాలనే ఇదంతా. అమ్మకు చదువు రాదు. నా పేరు ఎక్కడుందో చూపించమని, దాని మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది.

ఏడేళ్లు ఏడవమంటే ఏడ్చాను, చావమంటే చచ్చాను. ఎవరూ చెప్పకుండా నా అంతట నేను లేచింది ఆ ఒక్కరోజే. లేవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.