కొలవకుండా రాసిన తొమ్మిది అంకెలు

దెయ్యాలు, శకునాలు నేనెప్పుడూ నమ్మలేదు. బహ్రెయిన్‌లో ఏడేళ్లు పిల్లలకు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. ఇన్నాళ్లూ ఈ సంగతి దాచింది ఎవరూ నమ్మరని కాదు, ఇందులో నా తప్పుందని.

తొంభైల మధ్యనాటి మాట. జిదాఫ్స్ మార్కెట్ వెనక గదిలో, మా స్కూలు బస్సు నడిపే యూసుఫ్ భాయ్‌తో కలిసి ఉండేవాణ్ణి. ఆయనది జగిత్యాల.

విశాఖలో నాతో ఎమ్మెస్సీ చదివిన శారద అప్పుడు గెలాక్సీల మీద పరిశోధన చేస్తోంది. హైడ్రోజన్ పరమాణువును చీల్చేంత తీవ్రమైన కాంతి గెలాక్సీ దాటి బయటికెలా వస్తుందన్నది ఆమె ప్రశ్న. ఆ కాంతి నేరుగా దొరకడం కష్టం. అందుకని హైడ్రోజన్ వర్ణపట రేఖను చూసేది. గ్రాఫులో ఆ రేఖ రెండు శిఖరాలుగా పడుతుంది. అవి దగ్గరగా ఉంటే అడ్డున్న వాయువు పలచన, కాంతికి దారి సులువు అని ఆమె అంచనా.

ఆ శిఖరాల మధ్య దూరాలు తనొకసారి కొలిచింది. తన కొలతలు చూడని మనిషి ఇంకోసారి కొలవాలి. “ప్రాక్టికల్స్‌లో నీ కొలత ఎప్పుడూ తప్పలేదు” అంటూ తొమ్మిది గ్రాఫులు టేపు అంటించిన కవర్లో పంపింది. కొలతలు నింపాల్సిన గెలాక్సీల పట్టిక విడిగా ఉత్తరంలో వచ్చింది.

రెండు నెలలు ఆ కవరు విప్పలేదు. పరీక్ష పేపర్లు దిద్దాలని చెప్పుకున్నాను. నిజానికి బద్ధకం. ఆమె మళ్ళీ రాసేసరికి, ఓ శుక్రవారం పొద్దున, కవరు విప్పకుండానే, పట్టిక ముందు పెట్టుకుని తోచిన అంకెలు వేశాను. నమ్మేలా ఉండాలని ఏడోదాని ఎదురుగా “ఒకటే శిఖరం” అని రాశాను. నకలు ఒకటి ఉంచుకుని పోస్టు చేశాను.

నెల తర్వాత జవాబొచ్చింది. తొమ్మిదీ తన కొలతలతో కలిశాయట.

యూసుఫ్ భాయ్‌కి జరిగింది చెప్పి కవరు చేతిలో పెట్టాను. ఆయన అంచులన్నీ తడిమి చూశాడు.

“ఎవ్వరు ఇప్పలే సార్. టేపు గట్లనే ఉన్నది.”

అప్పుడు విప్పాం. ఆయన స్కేలు పెట్టి చదివాడు, నేను నకలు చూశాను. మొదటిది పదకొండున్నర మిల్లీమీటర్లు. నేను రాసిందీ అదే. రెండోదీ కలిసింది. ఏడోదాని దగ్గర ఆయన ఆగాడు.

“గిండ్ల ఒక్కటే ఉన్నది సార్.”

తొమ్మిదీ అయ్యాక స్కేలు పక్కన పెట్టి, “చెప్పుండ్రి సార్ ఆమెకు. మీరు కొలవలే గద” అన్నాడు.

చెప్పలేదు. ఓపికగా కొలిచి ఇచ్చినందుకని ఆమె థీసిస్‌లో నాకు కృతజ్ఞతలు రాసింది. ఆ పేజీ నేను రెండోసారి తెరవలేదు.

ఆమె పాత ఉత్తరాలన్నీ వెతికాను, ఎక్కడైనా ఆ అంకెలు ముందే రాసిందేమోనని. లేవు. అవి నా చేతికి ఎలా వచ్చాయో ఇప్పటికీ తెలియదు.

చాలా ఏళ్లకు వాళ్ళింటికి వెళ్లినప్పుడు తల వంచుకుని అంతా ఒప్పుకున్నాను. శారద నవ్వింది.

“కొలవకపోతే తొమ్మిదీ ఎలా కలుస్తాయి? నీకింత వినయం ఎప్పుడొచ్చింది?” అని, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.