రాగితీగ మీద సావడాయలు

మా చిన్నప్పుడు... మాఘమాసంలో ఒక పొద్దున. మంచు ఇంకా విడలేదు. జీడితోటల వైపు నుంచి చలిగాలి. అమ్మ ఇసకలో నెత్తళ్ళు ఆరబోస్తోంది. నాన్న, దాలిమావ కలిసి పడవకి వెదురుగడలు కడుతున్నారు...

మాది అక్కుపల్లి. అరవయ్యో దశకం చివరి రోజులు. ఊళ్ళో మోటారున్న పడవ మాదొక్కటే. చిన్నది. మిగతావాళ్ళవన్నీ తెప్పలే.

ఆ గడలు కట్టిస్తున్నది మూర్తి మాస్టారు. టెక్కలి హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. ఇంట్లో వైర్‌లెస్ పెట్టుకుని ఎక్కడెక్కడివాళ్ళతోనో మాట్లాడటం ఆయన సరదా. లైసెన్సు కూడా ఉండేది. దాన్ని హామ్ రేడియో అంటారని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. సముద్రం మీద నుంచి మాట్లాడితే ఒడ్డున వినిపిస్తుందో లేదో చూడాలని ఆయన కోరిక. చేపల వాసన పడదు పాపం... ముక్కుకి తువ్వాలు కట్టుకునే వచ్చారు.

నాన్న ఒప్పుకోవడానికి కారణం వేరు. ముందటేడు మా పెద్దమావ తెప్ప మీద వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఏమయ్యాడో ఎవరికీ తెలీదు. అమ్మకి మిగిలిన తమ్ముడు దాలిమావ ఒక్కడే. పడవ కనుచూపు దాటితే చాలు, అది ఒడ్డు చేరేదాకా అమ్మ అన్నం ముట్టేది కాదు.

మాస్టారు తన ఇంటి రేడియో తెచ్చి మా అరుగు మీద పెట్టారు. ముల్లు ఆగాల్సిన చోట అద్దం మీద కుంకుమ బొట్టు పెట్టారు. "పొద్దు జీడితోట మీదకి ఒరిగేసరికి మేం మాట్లాడతాం. మీకు వినిపిస్తుంది. మీ మాట మాత్రం మాకు వినపడదమ్మా" అన్నారు.

"నాకు ఆళ్ళ గొంతు ఇనబడితే సాలు బాబూ" అంది అమ్మ.

మాస్టారి వైర్‌లెస్ పెట్టె పడవలోకి ఎక్కింది. పడవ ముందొక గడ, వెనకొక గడ. మధ్యలో బిగించిన రాగితీగ. అది గడలకి తగలకుండా రెండు కొసల్లోనూ పింగాణీ పూసలు. ఇంకో తీగకి రాగిరేకు కట్టి నీళ్ళలోకి వదిలారు. మాట బయటికి వెళ్తోందో లేదో చూడ్డానికి ఒక చిన్న బల్బు... మాట్లాడితే అది వెలగాలి.

"ఈ తీగకి ఏదీ తగలకూడదు దాలయ్యా. తాడు గానీ, వల గానీ..."

"పిట్ట వాలితేనో బాబూ?"

"పిట్ట వాలితే ఏం కాదులే."

మావ తలూపాడు. ముగ్గురూ వెళ్ళారు.

మధ్యాహ్నం దాటాక గాలి తిరిగింది. దక్షిణం నుంచి బిగిసి కొట్టింది. తెప్పలన్నీ ఒడ్డెక్కేశాయి. మోటారు పడవ జాడ లేదు.

పొద్దు జీడితోట మీదకి ఒరిగింది. రేడియోలో బుస్సుమని గాలిచప్పుడు తప్ప ఏమీ లేదు. వాకిలి నిండా జనం. పక్కింటి నీలమ్మ పిన్ని ఉండబట్టలేక, "ముల్లు కూసింత తిప్పవే అప్పా, పాటలైనా వత్తాయి" అంది.

"సెయ్యెడితే ఇరిసేత్తాను" అంది అమ్మ, తల తిప్పకుండా.

పెద్దమావ రాని రోజు కూడా అమ్మ అలాగే కూర్చుంది. అలాగే, మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని.

ఎండ అరుగు దిగిపోయింది. అప్పుడు ఆ బుస్సు చప్పుడు అడుగున ఏదో కదిలినట్టయింది. ఆగింది. మళ్ళీ వచ్చింది. మాట కాదు, మాట నీడలాంటిది... మెల్లగా గట్టిపడింది. మాస్టారి గొంతు. బాగా కోపంగా ఉంది.

"...ఆ చివరిది కూడా తియ్యవయ్యా! తీస్తుంటే బల్బు వెలుగుతోంది చూడు. తీగ మీద చేపలు ఎండబెడతారా ఎవరైనా?"

వెనకాల ఎక్కడో దాలిమావ... "పిట్ట వాలొచ్చని తమరే గదా అన్నారు? పిట్ట కంటే సావడాయి బరువేటి బాబూ?"

వాకిలంతా ఒక్కసారి గొల్లుమంది. నీలమ్మ పిన్ని అరుగు మీద చతికిలబడి మరీ నవ్వింది.

తర్వాత నాన్న గొంతు. రేడియోలో నాన్న గొంతు వినడం అదే మొదలు, అదే ఆఖరు. "ఏమే... ఇంజిను ఆగిపోనాది. తెరసాప ఎత్తీనాం. ఈ గాలికి బారువ ఒడ్డున పడతాం. ముగ్గురం బాగున్నాం. ఇంజిను ఆగి కూకున్నాం గదా, సేపలు కుళ్ళిపోతాయని మీ తమ్ముడు సీల్సి తీగకి ఏలాడగట్టీసినాడు. అందుకే ఇంతసేపూ మాట రాలేదంట. నువ్వు బువ్వ తిను."

"అలాగే" అంది అమ్మ, రేడియోతో. అది వినపడదని తెలిసీ.

మళ్ళీ రేడియోతోనే, "ఆ సేపలు పారెయ్యద్దని సెప్పండి, సావడాయికి పలాసలో మంచి గిరాకీ" అంది. కళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళింది. గిన్నె చప్పుడు వినిపించింది. ఆ పూట మా ఇంట్లో అందరం తిన్నాం.

సావడాయంటే వెండిపట్టీలా పొడుగ్గా ఉండే చేప. పడవ మీద తాడు కనిపిస్తే చాలు, దాని మీద ఆరేసెయ్యడం మావాళ్ళకి చేతి అలవాటు. తడిచేపలు కొసనున్న పూసల మీదికి కూడా వేలాడి, ఉప్పునీళ్ళు గడల మీదికి కారి మాటని మింగేశాయని మాస్టారు తర్వాత మాకు చెప్పారు. పిట్ట మాట ముందే సరిగ్గా విప్పి చెప్పాల్సిందని కూడా అన్నారు.

ఇప్పుడు మా తమ్ముడి కొడుకు పడవలోంచి ఫోన్ చేసి, ఇంట్లో కూరేమిటని అడుగుతాడు. మా మరదలు టీవీ చూస్తూ జవాబిస్తుంది. మంచిదే... గొంతు కోసం అరుగు మీద కూర్చోవాల్సిన పని లేదు. కానీ ఆ రోజు విన్నట్టుగా ఇంకెవరి గొంతూ నేను వినలేదు. మీ ఇంట్లో ఎవరి గొంతు కోసమైనా అలా ఎదురుచూసి ఉంటే, కింద రాయండి. చదువుతాను.

ఆ గొంతు విన్న మర్నాడు మధ్యాహ్నం, పడవ అక్కడే ఉంచి, ముగ్గురూ బారువ నుంచి బస్సుల్లో వచ్చి, చివర్న నడిచి ఇల్లు చేరారు. మాస్టారు మజ్జిగ తాగి, రేడియో సైకిలుకి కట్టుకుని, పొద్దుండగానే టెక్కలి వెళ్ళిపోయారు. ఆ వేసవిలో ఆయనకి బదిలీ అయింది.