కళ్ళకద్దుకునే బాక్సరు

దెబ్బలు కొట్టడానికి దేవుడు అయ్యన్నకు బ్రహ్మాండమైన ఎడమచెయ్యి ఇచ్చాడు. దెబ్బలు తినడానికి వాళ్ళమ్మ సుబ్బరత్నమ్మ పెంపకం ఇచ్చింది.

ఆ పెంపకంలో మిగతావి ఎట్లా ఉన్నా ఒక్కటి మాత్రం వాడి ఎముకల్లోకి దిగిపోయింది. ఎవరికైనా కాలు తగిలితే వెంటనే వంగి, వాళ్ళను తాకి, ఆ చేతిని కళ్ళకద్దుకోవాలి. మనిషైనా అంతే, పుస్తకమైనా అంతే, చీపురుకట్టయినా అంతే. చిన్నప్పుడు ఒకసారి నిద్రలో చెల్లెల్ని తన్ని, నిద్రలోనే కళ్ళకద్దుకున్నాడట. ఆ సంగతి సుబ్బరత్నమ్మ మంగంపేటలో చెప్పని గడప లేదు. వింటున్నవాళ్ళు ఆవలించినా వదిలేది కాదు.

వాడు ఐటీఐ చదవడానికి కడపకు వచ్చాక అల్లా బాషా కంట్లో పడ్డాడు. బాషా ఒకప్పుడు బాక్సరు. ఇప్పుడు లారీ బాడీలు కట్టే షెడ్డు వెనక పాత ట్యూబుల్లో ఇసుక పోసి వేలాడదీసి పిల్లలకు బాక్సింగు నేర్పిస్తాడు. ఒకరోజు బస్టాండులో రాజంపేట బస్సు ఇంకా ఆగకముందే, అంతమంది తలల మీదుగా, ఎడమచేత్తో సంచిని కిటికీలోంచి విసిరి సీటు పట్టిన కుర్రాణ్ణి చూశాడు. ఆ చెయ్యి ఆయనకు తెగ నచ్చింది.

"ఏమప్పా, ఆ చెయ్యి సీట్లు పట్టేదానికేనా, ఇంకేమన్నా పని చేస్తాదా?" అని అడిగాడు. అయ్యన్న ఆ బస్సు ఎక్కనేలేదు. సంచి మాత్రం రాజంపేట దాకా వెళ్ళి వచ్చింది.

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. ఎడమచేతివాటం బాక్సరు కుడికాలు ముందుకు పెట్టి నిలబడతాడు. అవతలివాడు ఎడమకాలు పెడతాడు. దాంతో ఇద్దరి కాళ్ళూ ఎదురెదురుగా వచ్చి, పెళ్ళి పందిట్లో జనం తొక్కుకున్నట్టు తొక్కుకుంటూనే ఉంటాయి. ఇది ప్రపంచమంతా జరిగేదే. ప్రపంచమంతా దాన్ని పట్టించుకోదు. అయ్యన్న పట్టించుకున్నాడు.

కర్నూలులో మొదటి పోటీ. గంట మోగింది. నాలుగు అడుగులు వేశాడో లేదో కాలు తగిలింది. అయ్యన్న భక్తిగా వంగాడు. గ్లౌజుతో అవతలివాడి బూటు తాకి, కళ్ళకద్దుకోవడానికి తల ఎత్తాడు. ఆ కళ్ళ దగ్గరికి వాడి గ్లౌజుకన్నా ముందు అవతలివాడి గ్లౌజు వచ్చింది.

కూలబడి ఉన్నవాడి మీదికి బాషా తాళ్ళ మధ్యనుంచి తల దూర్చి అరిచాడు. "ఏం పారేసుకున్నావురా కింద? ఏం ఎతుకుతాండావు?"

"కాలు తగిలింది సార్."

బాషా తిట్టబోయి తల బాదుకున్నాడు. తిట్టడానికి వీల్లేని తప్పు ఆయన జీవితంలో అదే మొదటిది.

ఈ జబ్బు కుదర్చడానికి ఆయన చేయని వైద్యం లేదు. అది కాలు కాదు, రాయి అనుకోమన్నాడు. తన కాలే ముందు పెట్టి తొక్కమన్నాడు, మళ్ళీ మళ్ళీ తొక్కమన్నాడు. బాషా బొటనవేలి గోరు ఊడింది కానీ వాడి వంగుడు ఆగలేదు. చివరికి ఆయనే ఒక దారి కనిపెట్టాడు. "వద్దనను నాయనా. మొక్కుకో. కాకపోతే తగిలినప్పుడల్లా కాదు, ఆట అయిపోయినాక అన్నిటికీ కలిపి ఒకేసారి మొక్కుకో. దేవుడేమన్నా పరుగెత్తిపోతాండాడా?"

ఆ మాట అయ్యన్నకు నచ్చింది. అప్పటినుంచి గెలుపులు మొదలయ్యాయి. జిల్లాలో గెలిచాడు, రాష్ట్రస్థాయిలో పతకం తెచ్చాడు. ఆట అవగానే ఓడినవాడి దగ్గరికి వెళ్ళి టపటపా వంగి లేచేవాడు. ఎంత వినయమో అని పెద్దమనుషులు మురిసిపోయి ఫోటోలు తీసుకునేవాళ్ళు. ఓడినవాళ్ళకు మాత్రం ఒళ్ళు మండేది.

అట్లా ఉండగా బెంగుళూరు నుంచి ఫోనొచ్చింది. ప్రొఫెషనల్ పోటీ, నాలుగు రౌండ్లు. బనీను ఉండదు, ఒట్టి ఒంటితో కొట్టుకోవాలి. అయ్యన్నకు సంతోషంతో అన్నం సహించలేదు. ఇంట్లో చెప్పగానే సుబ్బరత్నమ్మ ఆ సంతోషం మీద నీళ్ళు పోసింది.

"మీ నాయన తోలే టిప్పరు ఓనరుతో మాట్లాడినా. ముగ్గురాయి గనిలోనే పని, ఇంకో బండి ఉండాదంట. ఇన్నాళ్ళూ నీ మూతి వాచి వస్తే కాపడం పెట్టినా. ఇంక నాతో కాదు. ఈసారి గెలిస్తే నీ ఇష్టం. గెలవకుంటే బండెక్కాల."

అయ్యన్న తలూపాడు. టిప్పరు మీద వాడికి కోపం లేదు. కాకపోతే వాడికి బాక్సింగంటే ప్రాణం. రింగులో నిలబడ్డప్పుడు తప్ప తాను ఫలానా అని వాడికెప్పుడూ అనిపించలేదు. ఆ ఒక్క చోటూ పోతే ఎట్లా బతకాలో వాడికి తెలియదు.

పోటీకి సుబ్బరత్నమ్మ కూడా బయలుదేరింది. ఓడితే వెంటబెట్టుకుని రావడానికని పైకి చెప్పింది. సంచినిండా తీపి ఓళిగలు చేసి ఎందుకు పెట్టిందో చెప్పలేదు.

ఎదుటివాడు సుధీర్. బెంగుళూరు పులి అని మైకులో గర్జించి మరీ పిలిచారు. పులి బాగానే కొట్టింది. అయ్యన్నా తక్కువ తినలేదు. మూడు రౌండ్లూ సుబ్బరత్నమ్మ కొంగు మొహం మీద కప్పుకుని, దాని సందులోంచి చూస్తూ కూర్చుంది. కాళ్ళు తొక్కుకున్నప్పుడల్లా అయ్యన్న నడుము వణికింది కానీ వంగలేదు.

ఆఖరి రౌండు ముందు బాషా వాడి చెవిలో చెప్పాడు. "ఇద్దరూ సమానంగా ఉండారు. ఒక్క మంచి దెబ్బ పడితే గెలుపు మనదే."

గంట మోగింది. ఈసారి సుధీర్ కాలే వచ్చి అయ్యన్న కాలి మీద గట్టిగా పడింది. అప్పుడు జరిగింది ఆ హాల్లో ఎవరూ నమ్మలేదు. బెంగుళూరు పులి వంగింది. అయ్యన్న బూటు తాకి, గ్లౌజు కళ్ళకద్దుకోబోయింది.

"కొట్టు!" అని బాషా గావుకేక పెట్టాడు.

ఎడమచెయ్యి లేచింది. గెలుపు అక్కడ వంగి నిలబడి ఉంది. కానీ మొక్కుతున్నవాణ్ణి కొట్టడం అయ్యన్న వల్ల కాలేదు. నోట్లో రబ్బరు ముక్క పెట్టుకునే "అయ్యో, పర్లేదులేప్పా" అంటూ వాణ్ణి లేపడానికి తానూ వంగాడు. అదే క్షణంలో సుధీర్ లేచాడు. తలకు తల ఠంగున తగిలింది.

ఇద్దరూ తలలు రుద్దుకున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తల ఒక్కసారే తగిలితే కొమ్ములొస్తాయి కదా. ఇద్దరూ బుద్ధిగా ముందుకు వంగి, ఇంకోసారి మెల్లగా తగిలించుకున్నారు.

హాలు గొల్లుమంది. రిఫరీ ఆట ఆపి, తలతో కొట్టుకున్నందుకు ఇద్దరికీ చెరొక పాయింటు కోశాడు. "కొమ్ములొస్తాయని సాబ్, అంతే!" అని బాషా కిందనుంచి ఉర్దూలో మొత్తుకున్నాడు. రిఫరీ ఆయనకేసి జాలిగా చూశాడు.

మళ్ళీ ఆట మొదలైంది. కానీ అయ్యన్న చేతులు లేవడం లేదు. ఇంత మర్యాదస్తుణ్ణి ఎట్లా కొట్టడం? సుధీర్ కూడా అదే అవస్థలో ఉన్నాడు. ఇద్దరూ గుండ్రంగా తిరుగుతున్నారు. టైము అయిపోతోంది. అయ్యన్న కళ్ళముందు టిప్పరు కనబడుతోంది.

అప్పుడు సుబ్బరత్నమ్మ కొంగు తీసి నడుముకు చుట్టి కుర్చీ ఎక్కింది. "ఒరే అయ్యన్నా! మొక్కులు అయిపోయినాయి కదరా! ఇంక కొట్టరా నా కొడకా, కొట్టు!"

ఆ గొంతు వాడికి పుట్టినప్పటినుంచీ తెలుసు. అది ఏం చెప్తే అది చేయడమే వాడికి అలవాటు. ఎడమచెయ్యి దానంతటదే వెళ్ళింది. సుధీర్ కింద కూలబడి, రిఫరీ లెక్క ముగియకముందే లేచాడు. అంతలో గంట మోగింది. ఆ దెబ్బతో అయ్యన్న గెలిచాడు.

గెలిచినవాడు అలవాటు ప్రకారం సుధీర్ కాళ్ళ దగ్గరికి పరుగెత్తాడు. అటునుంచి సుధీర్ కూడా వంగబోయాడు. బాషా మధ్యలో దూకి రెండు తలల్నీ చెరో చేత్తో పట్టుకున్నాడు. "ఆగండ్రా! ఒకరి తర్వాత ఒకరు!"

బట్టలు మార్చుకునే గదిలో సుధీర్ దవడకు ఐసు పెట్టుకుని కూర్చుంటే సుబ్బరత్నమ్మ వాడి ముందు ఓళిగలు పరిచింది.

"మీదే ఊరు నాయనా?"

"కోయిలకుంట్ల పెద్దమ్మా. మా జేజి పెంచింది, మా నాయన వాళ్ళమ్మ."

"అదీ సంగతి" అంది. "నమలగలవా? మెల్లగా తిను. నెయ్యి శానా వేసినా."

తర్వాత కొంగుతో అయ్యన్న మూతి తుడుస్తూ, వాడివైపు చూడకుండా బాషాను అడిగింది. "బాషన్నా, మళ్ళా పోటీ ఎప్పుడు?"

"ఎందుకు చెల్లెమ్మా?"

"టిప్పరాయనకు చెప్పాల కదా, మావానికి తీరిక లేదని."