మట్టి కింద మేలుకున్న గూడబాతులు

పులికాట్ వైపు పక్షులను చూడబోయేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను మొదటిసారి అటు వెళ్ళింది సరదాకి కాదు, భయంతో. పంతొమ్మిది వందల అరవైల్లో బిట్రగుంట దగ్గర ఒక పశువైద్యశాలలో కాంపౌండరుని. జంతువులను పట్టి అమ్మే ఇద్దరు వచ్చి, దొరవారిసత్రం దగ్గరి చెరువులో గూడబాతులను, అదే పెలికాన్లను, దెబ్బ తగలకుండా పట్టాలి, చేపల్లో పెట్టడానికి నిద్రమందు ఇమ్మన్నారు. డాక్టరుగారు సెలవులో ఉన్నారు. గేదె ఈనితే రిజిస్టరులో రాయాలి గానీ ఆ మందు ఎవరికివ్వాలో, ఎంతివ్వాలో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. ఇచ్చేశాను. పక్షికి మోతాదెంతో నాకే తెలియదని వాళ్ళు వెళ్ళాక గుర్తొచ్చింది.

మర్నాడు తెల్లవారుజామున ఐదింటి ప్యాసింజరెక్కాను, టిక్కెట్టు రెండు రూపాయల్లోపే. దొరవారిసత్రంలో దిగేసరికి తొమ్మిదిన్నర. అక్కణ్ణించి చెరువుకి జట్కా ముప్పావలా.

"పక్షులకేందో తెగులంటయ్యా. తెల్లారేసరికి గట్టు మీద పడుండాయంట" అన్నాడు జట్కా అతను. "ఊరోళ్ళు పొయ్యి కూడా ఎలిగించలా."

ఆ పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్ళే ఆ ఊరి మళ్ళకి ఎరువు. అందుకే వాటిని పురిటికొచ్చిన ఆడబిడ్డల్లా చూసుకుంటారు. చనిపోతే కుక్కల పాలు కానివ్వరు, పసుపు చల్లి వెంటనే పూడ్చిపెడతారు.

నేను వెళ్ళేసరికి గట్టు కింద పది మట్టి దిబ్బలు. మందు తీసుకెళ్ళిన ఇద్దరూ కనబడలేదు, ఊరివాళ్ళు ముందే గట్టెక్కేసరికి జారుకున్నట్టున్నారు. పదకొండో పక్షిని ఒళ్ళో పెట్టుకుని ఒక ముసలమ్మ కూర్చుంది. ఆమె భర్త గుంత తవ్వుతున్నాడు. వంగి చూశాను. దాని గొంతు సంచి మెల్లగా కదిలింది.

"అమ్మా, ఇది చావలేదు. ఎవరో మందు పెట్టారు, నిద్రలో ఉంది."

ఆమె నన్ను చూసింది, దిబ్బలను చూసింది. "మరి ఆ పూడ్చినయ్యో?"

పెద్దాయన పార అవతల పడేసి చేతులతోనే తవ్వడం మొదలుపెట్టాడు. నేనూ తవ్వాను. ఒక్కటీ కదల్లేదు. మూడోదాని నోటి నిండా మట్టి ఉంది, కాళ్ళతో చుట్టూ గీరుకుని ఉంది. మట్టి కింద దానికి మెలకువ వచ్చింది.

"మందెవురిచ్చినారు నాయనా?" అని అడిగింది ముసలమ్మ.

"తెలీదమ్మా" అన్నాను. ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతులు కడిగింది.

ఇప్పుడు మత్తు ఇవ్వాలంటే అనుమతి, డాక్టరు, మోతాదు లెక్క అన్నీ ఉండాలంటున్నారు. మంచిదే. అప్పుడు ఏ నిబంధనా లేదు కాబట్టి నన్ను ఎవరూ అడగలేదు. నిబంధన లేకపోతే నాకు బుద్ధి ఉండొద్దా? ఈ మాట నన్ను నేను అడుక్కోవడానికి చాలా ఏళ్ళు పట్టింది, సిగ్గుచేటు.

వెళ్ళేవాళ్ళు చలికాలంలో, పొద్దున్నే వెళ్ళండి. ఎక్కడైనా పక్షి పడి ఉంటే అటవీశాఖ వాళ్ళకి కబురు పెట్టి, వాళ్ళొచ్చేదాకా కుక్కలు రాకుండా పక్కనే నిలబడండి. చచ్చిపోయిందని మాత్రం మీరు తేల్చకండి.