డాబా మీదికెక్కిన మోడెం

మొన్న మా మధురవాడ అపార్ట్‌మెంటులో లిఫ్టు ఆగిపోతే మెకానిక్ వచ్చి, మెట్ల దగ్గర కూర్చుని ఏదో తీగకు టంకం వేస్తున్నాడు. నేను కూరల సంచితో పక్కన నిలబడ్డాను. సన్నటి పొగ ఒకటి లేచి నా ముఖం దాకా వచ్చింది. టంకంలో కలిపే గుగ్గిలం కాలిన వాసన. ఆ వాసనకు చాలామందికి ఏ దేవుడి గదో గుర్తుకు రావచ్చు. నాకు ముందు మా ముత్తాతగారి పడవలు గుర్తొస్తాయి. వాటి పలకల సందుల్లో గుగ్గిలం కాచి పోసేవారట. నేను కళ్లారా చూసింది మాత్రం ఒక్క పడవనే, అదీ ఇసుకలో బోర్లించి ఉండగా. ఆ తరవాత సత్తార్ గారు గుర్తొస్తారు. ఆయన గుర్తొచ్చాక ఇక వేరే ఆలోచన సాగదు. "లిఫ్టు పన్జేస్తంది సార్, ఎక్కండి" అని మెకానిక్ అన్నాక కూడా నేను అక్కడే నిలబడి ఉన్నాను.

పెద్ద ఓడలు విశాఖ గట్టుకు రాలేక దూరాన లంగరు వేసుకునే రోజుల్లో, వాటి సరుకును ఒడ్డుకు చేర్చిన పడవలు మావి. ఓడలు లోపలి రేవుకు రావడం మొదలయ్యాక పడవల పని పోయింది. పేరు మాత్రం ఇంకో రెండు తరాలు నడిచింది. నేను డిగ్రీ పూర్తిచేసేనాటికి మాకు మిగిలినవి విశాఖ పాతపట్నంలో సగం ఇల్లు, బయటివాళ్లను ఏదీ అడగకూడదన్న నియమం. చేపల రేవుకు దిగే సందులో సత్తార్ గారి కొట్లో నాకు పని దొరికినప్పుడు, మా అమ్మ బంధువులకు "మావాడు ఓడల కమ్యూనికేషన్‌లో ఉన్నాడు" అని చెప్పింది. అందులో అబద్ధం లేదు. చేపల బోట్ల వైర్‌లెస్ సెట్లు విప్పి, ఉప్పు పట్టిన తీగలు గీకి, మళ్లీ అతికించడమే నా పని.

సత్తార్ గారు అంతకుముందు సరుకు ఓడల్లో రేడియో ఆఫీసరు. మోర్స్ చుక్కల్లో, గీతల్లో సముద్రం మీద మాట్లాడిన మనిషి. ఉపగ్రహాలు వచ్చాక ఓడలకు ఆ ఉద్యోగంతోనే అవసరం లేకపోయింది. పని పోయిందని ఆయన ఎవరి దగ్గరా వాపోగా నేను వినలేదు. తెల్లచొక్కా ఇస్త్రీ మడత చెడకుండా వచ్చి, రేవు నుంచి ఎగిరొచ్చే బొగ్గుదుమ్ములో సాయంత్రం దాకా కూర్చుని, అదే మడతతో ఇంటికి వెళ్లేవారు. కొట్టుకు వచ్చిన ప్రతివాడూ ఆయనకు 'బావ'. చేరిన రోజు నన్నూ అలాగే పిలిచారు. నేను బిగుసుకోవడం గమనించారు కాబోలు, "అయితే దొరగారూ అంటాను, సరేనా?" అని నవ్వారు. వెక్కిరింపని తెలిసినా నాకు అదే బాగుందనిపించింది.

ఒకసారి బోటు యజమాని ఎల్లయ్య సెట్టు తెచ్చి బల్ల మీద పడేసి, "పాడైపోనాది బావ" అన్నాడు.

"పాడైపోనాదని సెప్పడానికి నాను లేనా? నీకేటి జరిగిందో అది సెప్పు."

"ఏటుందీ! నాను అరిస్తే అవతలోడికి ఇనబడదు. ఆడు తిడితే నాకు శుభ్రంగా ఇనబడతాది."

"అదిగో, అదీ మాట!" అని సత్తార్ గారు మైకు విప్పారు. తీగ తెగి ఉంది. విన్నదాన్ని విన్నట్టు రాయాలి, అనుకున్నదాన్ని రాయకూడదు అన్నది వాళ్ల వృత్తిలో మొదటి పాఠమట. అదే రోజు ఎల్లయ్య నన్ను చూసి, ఎవరబ్బాయివని అడిగాడు. నేను ముత్తాతగారి పేరు, తాతగారి పేరు, ఇంటిపేరు, పడవల సంగతీ వరసగా చెప్పాను. సత్తార్ గారు చివరిదాకా విని, "దొరగారూ, తుపాన్లో ఇంత పేరు సెప్తే సగంలోనే ఓడ ములిగిపోద్ది. గాల్లో ఎంత పెద్ద ఓడకైనా నాలుగక్షరాలే" అన్నారు. ఆ నాలుగక్షరాలను కాల్ సైన్ అంటారు. ఆయన ఓడను ఎప్పుడో తుక్కుకింద కోసేశారు. దాని కాల్ సైన్ మాత్రం ఆయన ఆలోచనలో పడ్డప్పుడల్లా వేలిచివర నుంచి బల్ల మీద మోగుతూ ఉండేది. వినీ వినీ ఆ లయ నాకూ వచ్చేసింది.

కొట్లో ఒక కంప్యూటరు ఉండేది. బోటువాళ్లు పాటలకోసం తెచ్చే పెన్‌డ్రైవులతో దానికి మాటిమాటికీ వైరస్‌లు పట్టేవి. సత్తార్ గారు విసిగిపోయి, ఎవరో చెబితే అందులో విండోస్ తీసేసి, వైరస్‌లు అంతగా పట్టని లినక్స్ వేయించారు. ఆయనకూ నాకూ కూడా అది కొత్తే. పుస్తకం ముందు పెట్టుకుని నల్ల తెర మీద ఒక్కొక్క కమాండే కొట్టేవాళ్లం. అలాంటి రోజుల్లో కొచ్చి నుంచి పాత సహోద్యోగి ఒకాయన ఫోన్ చేశారు. రిటైరైన రేడియో ఆఫీసర్లు కొందరు వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఒక చోట చేరి, ఇప్పుడు లేని ఓడల కాల్ సైన్లన్నిటినీ మోర్స్‌లో పిలుస్తారట. సత్తార్ గారి ఓడ కూడా వరసలో ఉందట. అంత దూరపు తరంగాలు రేవు పక్కన వెల్డింగు గోలలో మా సెట్లకు అందవు. ఇంటర్నెట్లో మాత్రం వినవచ్చు. కొట్టుకు లైను లేదు. మర్నాడే సత్తార్ గారు సిమ్ కార్డుతో నెట్ ఇచ్చే యుఎస్‌బి మోడెం, అందరూ డాంగిల్ అనేది, కొనుక్కొచ్చారు. పెళ్లిబట్టలు తెచ్చుకున్నవాడిలా దాని డబ్బా నా చేతికిచ్చి, "ఇప్పండి దొరగారూ" అన్నారు.

తగిలించాం. దాని మీద ఆకుపచ్చ దీపం మినుకు మినుకుమంది. కంప్యూటరు మాత్రం మోడెం ఏదీ లేదంది. డబ్బా మీద విండోస్ పేరుంది కానీ లినక్స్ ఊసే లేదు. డ్రైవరు, అంటే ఆ పరికరాన్ని నడిపించే ప్రోగ్రాము, ఉండాలని పుస్తకంలో ఉంది. డ్రైవరు దొరకడం లేదని మేం తలలు పట్టుకుంటే ఎల్లయ్య గుమ్మంలోంచి, "మీకూ దొరకట్లేదేటి? మా బోటుకీ డ్రైవరు లేడు బావ. వారం నుంచి ఎతుకుతన్నాను. ఉన్నోడు తాగి పడుకుంటన్నాడు" అన్నాడు.

"మా వోడు తాగలేదు. దీపం ఎలిగించుకుని కూకున్నాడు, పలకడు" అన్నారు సత్తార్ గారు.

ఆయన చేసిన పొరపాటు రేడియో మనిషి తప్ప ఇంకెవరూ చెయ్యరు. జవాబు రాకపోతే లోపం గాలిలో ఉందని ఆయన నమ్మకం. పొడవాటి కేబులు తెచ్చి డాంగిల్‌ను డాబా మీదికి ఎక్కించారు. మర్నాడు దాన్ని వెదురుకర్రకు కట్టి సముద్రం వైపు తిప్పారు. ఆ మర్నాడు, తరంగాలను దాని మీదికి మళ్లిస్తుందని, ఇంట్లోంచి స్టీలు పళ్లెం తెచ్చి దాని వెనక నిలబెట్టారు. ఆయన భార్య అమీనమ్మగారు పళ్లెం వెతుక్కుంటూ కొట్టుకొచ్చి, డాబా ఎక్కి చూసి, దిగొచ్చి, "ఇంట్లో ఉన్న మనిషికి అన్నం పెట్టడానికి పళ్లెం లేదు గానీ, గాల్లో ఉన్నోళ్లకి పళ్లెం పెట్టినాడు" అని నాతో అన్నారు. నేను కింద కంప్యూటరు దగ్గర కూర్చుని, తగిలించిన పరికరాలన్నీ చూపించే కమాండు కొట్టి, తెర మీద వచ్చిన వరసలన్నీ గట్టిగా చదివేవాణ్ని. సీడీ డ్రైవు అని ఒక వరస వచ్చేది. "అది కంప్యూటర్ది. వొగ్గెయ్. మోడెం అని వొచ్చిందా?" అని పైనుంచి అరిచేవారు. రాలేదనేవాణ్ని. కర్ర మరికాస్త తిప్పేవారు.

ఎవరినైనా అడుగుదామా అన్నాను ఒకసారి. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలకు ఇవన్నీ తెలుసని విన్నాను. ఆయన కర్రకు కట్టిన ముడి బిగిస్తూ, "నడిసముద్రంలో నానెవర్నడిగినాను? నా సెట్టు నానే బాగుసేసుకున్నాను" అన్నారు. మా ఇంట్లో పెరిగినవాడికి ఆ మాటకు ఎదురు చెప్పాలని తోచదు. పరువు అంటే ఇదే అనిపించింది. పోనీ ఆ ఒక్క పూటకు నెట్ సెంటర్లో విందామా అంటే, "పెళ్లికూతుర్ని బస్టాండులో సూస్తారేటి?" అని కొట్టిపారేశారు.

ఆదివారం వచ్చింది. ఇస్త్రీ చొక్కాతో, ఓడలో వాడిన పాత హెడ్‌ఫోన్లతో వచ్చారు. వాటిని కంప్యూటరుకు తగిలేలా ముందురోజే తీగ మార్చి పెట్టుకున్నారు. మళ్లీ డాబా, కర్ర, పళ్లెం. మళ్లీ నేను చదవడం. సమయం దగ్గరపడ్డాక ఆయనే దిగొచ్చి, హెడ్‌ఫోన్లు మెడలో ఉండగానే, "పద, నెట్ సెంటర్కే పోదాం" అన్నారు. అంతటి మనిషి పరుగెత్తడం నేను ఆ ఒక్కసారే చూశాను. షట్టరు దించి ఉంది. ఆదివారం. ఎదురుగా టీ బడ్డీలో ఇద్దరం కూర్చున్నాం. ఆయన గ్లాసు పట్టుకుని రేవులో క్రేన్ల వైపు చూస్తూ ఉండిపోయారు. టీ చల్లారాక, "ఈపాటికి అయిపోయుంటాది. పోనీలే బావ" అన్నారు. నన్ను బావ అన్నారని ఆయన గమనించలేదు. నేను గమనించాను. ఈసారి బిగుసుకోలేదు.

ఆ తరవాత డాంగిల్ మాట ఆయన ఎత్తలేదు. వానలు మొదలయ్యేనాటికి గుండెపోటుతో పోయారు. కొట్టు మూతపడింది. నేను మధురవాడ కంపెనీల్లో కంప్యూటర్లు చూసుకునే పనిలో చేరాను. అక్కడ ఒకరోజు ఎవరో అలాంటి డాంగిలే తెచ్చి, లినక్స్‌లో పలకడం లేదన్నారు. తగిలించి అదే కమాండు కొట్టాను. అదే వరస: సీడీ డ్రైవు. ఈ కంప్యూటరుకు సీడీ డ్రైవే లేదు. ఆ వరస దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. డాంగిల్ తన విండోస్ సాఫ్ట్‌వేరును తన కడుపులోనే మోస్తుంది. తగిలించగానే ముందు తనను సీడీగా చెప్పుకుంటుంది. విండోస్ అయితే ఆ సీడీని చదివి, దాన్ని మోడెంగా మారుస్తుంది. లినక్స్‌లో మనమే సీడీని బయటికి తీసెయ్యమని చెప్పాలి. ఒక చిన్న కమాండు. కొట్టాను. క్షణంలో సీడీ మాయమై మోడెం వచ్చింది. గాలిలో ఏ లోపమూ లేదు. మేం రోజూ చదివి వదిలేసిన వరసలోనే ఉంది అంతా. పక్కనున్న కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. నేను మెట్ల మీదికి వెళ్లి కూర్చున్నాను. ఈ సంగతి చెప్పడానికి ప్రపంచం మొత్తం మీద నాకు ఒక్క మనిషే కావాలి.

ఆనాటి పిలుపులను వాళ్లు రికార్డు చేసి ఇంటర్నెట్లో ఉంచారని వెతికితే తెలిసింది. ఫోనులో ఎక్కించుకుని అమీనమ్మగారి దగ్గరికి వెళ్లాను. ఆమె మంచం అంచున కూర్చుని చెవి ఒగ్గారు. ఒక్కొక్క ఓడనూ పిలుస్తారు. కాసేపు ఆగుతారు. తరవాత ఇంకో ఓడ. నాకు తెలిసిన నాలుగక్షరాలు వచ్చాయి. "ఇదేనమ్మా" అన్నాను. ఆ వెంటనే ఉత్త గాలిచప్పుడు.

"ఆగిపోనాదేటి నాయనా?"

"ఆగిపోలేదమ్మా. జవాబు కోసం చూస్తున్నారు."

ఆమె ఆ గాలిచప్పుడు పూర్తిగా విన్నారు. అవతలివాళ్లు ఇంకో ఓడను పిలవడం మొదలుపెట్టాక, "అంతేనా! ఇంకాసేపు సూడొచ్చు కదా" అన్నారు.

ఈ మధ్య ఏ పనిలోనైనా చిక్కుపడితే ఆ రోజే, ఆ గంటే, చిన్నవాళ్లనైనా సరే అడిగేస్తున్నాను. మా అమ్మ ఉంటే నొచ్చుకునేది. ఏం చెయ్యను? అవతల పిలిచేవాళ్లు కాసేపే ఆగుతారు.